63 యూనిట్లున్నా డిగ్రీ రాదట: కమ్యూనిటీ కాలేజీ జనరల్ ఎడ్యుకేషన్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

నేరేడుచెట్టు | మార్చి 3, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మేము కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో తూర్పు వైపు ఉంటాం. మా అబ్బాయి ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నాడు, ఇక్కడ రెండేళ్ళ చదువు అయ్యాక యూనివర్సిటీకి మారాలని. 2022 ఫాల్ (ఆగస్టు) సెమిస్టర్‌లో చేరాడు, 2023 స్ప్రింగ్ (జనవరి) సెమిస్టర్ అయ్యాక మానేశాడు. ఇంట్లో పరిస్థితి అలాంటిది, వాళ్ళ నాన్నగారి ఉద్యోగం పోయింది, వీడు రెండేళ్ళు పనిచేశాడు. 2025 ఫాల్‌లో మళ్ళీ చేరాడు. మేజర్ బిజినెస్. మొదట్లో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) అనుకున్నాడు, ఇప్పుడు ఖర్చు చూసుకుని కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ)కి మాత్రమే అప్లై చేశాడు.

2022లో కౌన్సిలర్ రాసిచ్చిన కాగితం మా ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించి ఉంది. ఒక్కో క్లాసు అవగానే నేనే పెన్నుతో టిక్ పెడుతూ వచ్చాను. అన్నీ టిక్కులే. మే నెలకి 63 యూనిట్లు (క్రెడిట్లు) అవుతాయి. 60 చాలు కదా, గ్రాడ్యుయేషన్ గౌను కూడా చూసుకుంటున్నాం.

నిన్న వాడు ఆన్‌లైన్‌లో డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏవి అయ్యాయో, ఏవి మిగిలాయో చూపే పట్టిక) తీసి చూపించాడు. అన్నీ పచ్చగా ఉన్నాయి. ఎత్నిక్ స్టడీస్ (అమెరికాలోని వేర్వేరు జాతుల చరిత్ర, జీవితం) ఈ సెమిస్టర్‌లో నడుస్తోంది కాబట్టి నీలం. ఒక్క గడి మాత్రం ఎర్రగా ఉంది: 1సీ, ఓరల్ కమ్యూనికేషన్, అంటే నలుగురి ముందు మాట్లాడే స్పీచ్ క్లాసు. అది లేకపోతే డిగ్రీ రాదట. కౌన్సిలర్ అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాత దొరికింది. రాత్రి నిద్ర లేదు. మా కాగితంలో ఆ గడే లేదండీ!

పైసావసూల్ | మార్చి 3, రాత్రి 10:05

ఇదంతా డబ్బు గుంజే పనండీ. 60 యూనిట్లు అని బోర్డు మీద రాస్తారు, తర్వాత ఇది లేదు, అది లేదు అంటారు.

లెక్కల_మాస్టారు | మార్చి 3, రాత్రి 11:20

నేరేడుచెట్టు గారూ, ముందు కంగారు తగ్గించుకోండి. ఇది సర్దుకునే విషయమే, కానీ ఈ వారమే కదలాలి. నేను ఒక కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా స్టాటిస్టిక్స్ చెప్తాను. కౌన్సిలర్‌ని కాదు. అయినా ఏటా మార్చిలో ఇలాంటి ఎర్ర గడితో నా దగ్గరకి వచ్చే పిల్లలు ఉంటారు.

60 యూనిట్లు అనేది మొత్తం బరువు మాత్రమే. ఆ బరువు ఎక్కడెక్కడ ఉండాలన్నది వేరే లెక్క. కాలిఫోర్నియాలో అసోసియేట్ డిగ్రీకి, అంటే కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ళ డిగ్రీకి, 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. క్వార్టర్ పద్ధతిలో నడిచే డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి చోట్ల 90. అందులో కనీసం 18 మేజర్‌వి ఉండాలి. జీపీఏ 2.0 తగ్గకూడదు. కనీసం 12 యూనిట్లు డిగ్రీ ఇచ్చే కాలేజీలోనే చదివి ఉండాలి. ఇవి కాక జనరల్ ఎడ్యుకేషన్ (జీఈ), అంటే మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన క్లాసులు. మీ గొడవంతా అక్కడే.

జీఈలో రెండు దారులున్నాయి. కాలేజీ సొంత డిగ్రీ చాలనుకునేవాళ్ళకి చిన్న దారి, 2025 ఫాల్ నుంచి రాష్ట్రమంతా కనీసం 21 యూనిట్లు. ఇంగ్లిష్ కంపోజిషన్, మాట్లాడటం లేదా తర్కం, గణితం, కళలు, సోషల్ సైన్స్, సైన్స్, ఎత్నిక్ స్టడీస్, ఒక్కోదానికి మూడేసి. యూనివర్సిటీకి వెళ్ళేవాళ్ళకి పెద్ద దారి, కాల్‌గెట్‌సీ అంటారు. 11 కోర్సులు, 34 యూనిట్లు, అన్నిట్లో సీ గ్రేడు తగ్గకూడదు. ఇంతకుముందు యూసీకి వెళ్ళాలంటే ఐగెట్‌సీ, కాల్ స్టేట్‌కి వేరే పట్టిక ఉండేవి. 2021లో వచ్చిన ఏబీ 928 అనే రాష్ట్ర చట్టం వల్ల రెండూ పోయి 2025 ఫాల్ నుంచి ఒకటే మిగిలింది.

మీ ఫ్రిజ్ మీది కాగితం యూసీ కోసం రాసిన పాత ఐగెట్‌సీ అయి ఉంటుంది. యూసీకి అప్పట్లో ఓరల్ కమ్యూనికేషన్ అడిగేవారు కాదు. అందుకే ఆ గడి లేదు. కౌన్సిలర్ తప్పు రాయలేదు, మీరు తప్పు టిక్ పెట్టలేదు. కాగితం పాతబడింది, గమ్యం మారింది.

నేరేడుచెట్టు | మార్చి 3, రాత్రి 11:48

మాస్టారూ, చేరినప్పటి రూల్సే చివరిదాకా వర్తిస్తాయని ఎక్కడో చదివాను. కేటలాగ్ రైట్స్ అంటారట. అది మాకు రాదా?

లెక్కల_మాస్టారు | మార్చి 4, ఉదయం 6:30

మధ్యలో ఆపకుండా చదివినవాళ్ళకి వస్తుంది. మీ అబ్బాయి 2024 అంతా ఒక్క క్లాసూ తీసుకోలేదు. తిరిగి చేరిన రోజు నుంచి అతను కొత్త కేటలాగ్ కిందికి వచ్చినట్టే. ఆ ఏడాది ఏదో ఒక చిన్న క్లాసు పట్టుకుని ఉంటే లెక్క వేరేగా ఉండేది, కానీ ఇంట్లో ఉద్యోగం పోయినప్పుడు కేటలాగ్ ఎవరికి గుర్తుంటుంది?

ఇంకో మాట. పాత హక్కు ఉన్నా మీకు స్పీచ్ తప్పేది కాదు. కాల్ స్టేట్‌లో గోల్డెన్ ఫోర్ అంటారు: మాట్లాడటం, రాయడం, తర్కం, గణితం. ఫాల్‌లో చేరేవాళ్ళు ఈ నాలుగూ స్ప్రింగ్ లోపే ముగించాలి. సమ్మర్‌లో చేస్తానంటే చాలా క్యాంపస్‌లు ఒప్పుకోవు. ఆ 1సీ గడి నాలుగిట్లో ఒకటి. డిగ్రీ సంగతి తర్వాత, అడ్మిషనే దీని మీద ఉంది.

కాబట్టి ఇవాళే చేయాల్సిన పని: లేట్ స్టార్ట్ క్లాసులు, అంటే సెమిస్టర్ మధ్యలో మొదలయ్యేవి, వెతకండి. మార్చి చివర మొదలై మే చివరికి అయిపోయే ఎనిమిది వారాల స్పీచ్ క్లాసులు చాలా కాలేజీల్లో ఉంటాయి. మీ కాలేజీలో సీటు లేకపోతే పక్క కాలేజీలో చూడండి. రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, ఆన్‌లైన్‌వి కూడా బోలెడు. వేరే కాలేజీలో చదివిన కోర్సు కాల్‌గెట్‌సీ జాబితాలో 1సీ కింద ఆమోదం పొందినదైతే చెల్లుతుంది. క్లాసు పేరు చూసి మోసపోకండి, 1సీ అని రాసి ఉందో లేదో చూడండి. తీసుకున్నాక కాల్ స్టేట్ అప్లికేషన్‌లో మార్పు జరిగిందని ఆ క్యాంపస్‌కి తెలియజేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

పైసావసూల్ | మార్చి 4, ఉదయం 8:10

మాస్టారి మీద గౌరవంతోనే అడుగుతున్నా. 60లో 34 అంటే సగం కంటే ఎక్కువ. బిజినెస్ చదివేవాడికి బయాలజీ ఎందుకు? కంప్యూటర్స్ చదివే మా వాడికి ఎత్నిక్ స్టడీస్ ఎందుకు? నేను హైదరాబాద్‌లో నాలుగేళ్ళు బీటెక్ చేశా, ఎవరూ నన్ను థియేటర్ అప్రిసియేషన్ చదవమనలేదు. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా. ఏం లోటొచ్చింది?

రెండోఏడు | మార్చి 4, ఉదయం 8:34

అంకుల్, మీటింగుల్లో మీరు మాట్లాడేది మీ టీమ్‌కి అర్థమవుతోందా అని వాళ్ళనే అడగాలి 😄

పైసావసూల్ | మార్చి 4, ఉదయం 8:41

బాబూ, నీ వయసు నా అనుభవమంత లేదు.

నిర్వాహకులు | మార్చి 4, ఉదయం 9:00

వ్యక్తిగతంగా వద్దు. విషయం మంచిది, అక్కడే ఉందాం.

గోదారిగట్టు | మార్చి 4, మధ్యాహ్నం 12:15

నేను రాజమహేంద్రవరంలో డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు అమ్మాయి దగ్గరికి శాక్రమెంటో వచ్చాను. ఆరు నెలల వీసా, మూడు నెలల చలి. మీ చర్చ ఆసక్తిగా ఉంది.

పైసావసూల్ గారూ, మనకి అసలు లేదనకండి. బీఎస్సీలో పార్ట్ వన్ ఉండేది కదా. ఇంగ్లిష్, రెండో భాషగా తెలుగో హిందీయో సంస్కృతమో. ఎంపీసీ వాడైనా కావ్యం చదవాల్సిందే. తర్వాత పర్యావరణం తప్పనిసరి అయింది, మానవ విలువలు వచ్చాయి. ఆలోచన మనకీ ఉంది. మనం దాన్ని ఎలా చూశామన్నదే సంగతి. పార్ట్ వన్ అంటే గట్టెక్కితే చాలు. సంస్కృతం ఎందుకు తీసుకున్నావురా అంటే "మార్కులు పడతాయి సార్" అనేవారు, జవాబులు తెలుగు లిపిలోనో ఇంగ్లిష్‌లోనో రాసి. పర్యావరణం పరీక్షకి ముందు రోజు రాత్రి గైడు కొనేవారు. నేను ఇన్విజిలేషన్‌లో చూశాను, ప్లాస్టిక్ నివారణ మీద వ్యాసం రాసి, బయటికొచ్చి ఆ గైడుని కాలవలో పడేసిన వాణ్ణి.

మా మనవరాలు ఇక్కడి కాలేజీలో జియాలజీ తీసుకుంది, ఆర్ట్ హిస్టరీ తన మేజర్. ల్యాబ్‌లో రాళ్ళ పెట్టె ఇచ్చారట. ఒక్కోదాన్ని గోరుతో, రాగి నాణెంతో, గాజు పలకతో గీసి కాఠిన్యం చూడాలి. ఇంటికొచ్చి వంటగది గట్టు మీద తాళంచెవితో గీసింది. "గీత పడింది తాతా, ఇది గ్రానైట్ కాదు, పాలరాయి లాంటి మెత్తటి రాయి" అంది. మా అల్లుడు గ్రానైట్ అని డబ్బు కట్టాడు పాపం. ఆ పిల్లకి డిగ్రీలో అది ఒక గడి మాత్రమే. కానీ ఇప్పుడు ఏ గట్టు కనబడినా తాళంచెవి తీస్తుంది.

పైసావసూల్ | మార్చి 4, మధ్యాహ్నం 1:02

మాస్టారూ, మీ అల్లుడి గురించి చింతిస్తున్నాను. నిజంగా. మాదీ గ్రానైట్ అనే చెప్పారు.

చుక్కలముగ్గు | మార్చి 4, సాయంత్రం 4:50

నేరేడుచెట్టు గారూ, స్పీచ్ క్లాసు అనగానే అబ్బాయి భయపడితే నా కథ చెప్పండి.

నేను బీకాం గుంటూరులో. ఇక్కడికి హెచ్4 (డిపెండెంట్) వీసా మీద వచ్చాక సీపీఏ (అకౌంటెంట్ లైసెన్సు పరీక్ష) రాద్దామనుకున్నాను. మూడేళ్ళ డిగ్రీ ఇక్కడి లెక్కలో ఎంతకి సమానమో చూడ్డానికి ఇవాల్యుయేషన్‌కి పంపితే, లైసెన్సుకి కావాల్సిన 150 యూనిట్ల లెక్కలో చాలా తక్కువపడ్డాయి. అకౌంటింగ్ కోర్సులన్నీ అయ్యాక ఇంకా మూడు యూనిట్లు ఏవైనా పర్వాలేదన్నారు. సాయంత్రం ఖాళీగా ఉన్నది స్పీచ్ ఒక్కటే. యూనిట్ 46 డాలర్లు, మూడింటికి 138. రెసిడెంట్లకి ఈ ఫీజు 2012 నుంచి మారలేదు. వెళ్ళాను.

మొదటి రోజు లేచి పేరు చెప్పమంటే గొంతు రాలేదు. ముప్ఫై మంది. పద్దెనిమిదేళ్ళ పిల్లల నుంచి, యాభై దాటిన ఒక ప్లంబర్ దాకా. మొదటి ప్రసంగం: ఏదైనా ఒక పని ఎలా చేస్తారో ఐదు నిమిషాల్లో చెప్పాలి. చేతిలో ఒక చిన్న అట్టముక్క మాత్రమే, దాని మీద పూర్తి వాక్యాలు ఉండకూడదు. చదివితే మార్కులు పోతాయి. వెనక ఒకమ్మాయి నిమిషం నిమిషానికి కార్డు చూపిస్తుంది. ఇంకొకరు మనం "అంటే", "మరి" లాంటివి ఎన్నిసార్లు అన్నామో గీతలు గీస్తారు. నాకు 31 గీతలు వచ్చాయి.

నేను ముగ్గు ఎంచుకున్నాను. బోర్డు మీద చుక్కలు పెట్టాను. వరస చుక్కలు వేరు, సందు చుక్కలు వేరు అని చెప్పాలి. నాకు తెలుసు, నా చేతికి తెలుసు, కానీ మాటల్లో ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకంటే మా అమ్మ నాకు మాటల్లో నేర్పలేదు, పక్కన కూర్చోబెట్టుకుంది అంతే. రెండు రాత్రులు కూర్చుంటే గానీ "ముందు వరసలో రెండు చుక్కల మధ్య ఖాళీ ఎక్కడుందో, కింది వరస చుక్క అక్కడ పడాలి" అనే ఒక్క వాక్యం దొరకలేదు. ప్లంబర్ గారు సింకు కింద వంపు పైపు ఎందుకుంటుందో చెప్పారు. ఆ వంపులో నిలిచే నీళ్ళే డ్రైనేజీ వాసన పైకి రాకుండా ఆపుతాయట. నాలుగు నిమిషాల్లో చెప్పారు, మూడు గీతలు. క్లాసులో అందరికంటే ఆయనే బాగా మాట్లాడారు.

ఇప్పుడు ఆడిట్ పని చేస్తున్నాను. క్లయింటుకి లెక్క ఎక్కడ తప్పిందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ సందు చుక్కే గుర్తొస్తుంది.

నేరేడుచెట్టు | మార్చి 4, రాత్రి 8:20

చుక్కలముగ్గు గారూ, చదువుతుంటే నవ్వూ వచ్చింది, ధైర్యమూ వచ్చింది. మా వాడికి చదివి వినిపించాను. "నాకు ముగ్గు రాదమ్మా" అన్నాడు.

అప్‌డేట్: మా కాలేజీలో లేట్ స్టార్ట్ స్పీచ్ క్లాసు ఒకటే ఉంది, సీట్లు నిండాయి, వెయిట్‌లిస్ట్‌లో ఏడోవాడు. పక్క జిల్లా కాలేజీలో ఆన్‌లైన్‌ది దొరికింది, మార్చి 23న మొదలు. 1సీ అని రాసి ఉంది. తీసుకోమంటారా?

లెక్కల_మాస్టారు | మార్చి 4, రాత్రి 9:15

తీసుకోండి. వెయిట్‌లిస్ట్‌ని నమ్ముకోవద్దు. ఆన్‌లైన్ స్పీచ్ అంటే కెమెరా ముందు మాట్లాడి పంపడమే అనుకోకండి. చాలామంది టీచర్లు ఎదురుగా నలుగురైదుగురు పెద్దవాళ్ళు కూర్చుని వినాలని, వాళ్ళు వీడియోలో కనబడాలని అడుగుతారు. చుట్టాలని పిలుచుకోవాల్సి వస్తుంది, టీ పెట్టడానికి సిద్ధంగా ఉండండి. ఎనిమిది వారాల క్లాసులో సగం వ్యవధిలో మొత్తం పని ఉంటుంది. మూడు యూనిట్ల క్లాసంటే చదువు, ఇంటిపని కలిపి సెమిస్టర్‌లో వారానికి తొమ్మిది గంటలు లెక్క. ఇక్కడ అది పద్దెనిమిది. ఉద్యోగం చేస్తున్నాడా?

నేరేడుచెట్టు | మార్చి 4, రాత్రి 9:21

శని, ఆదివారాలు.

లెక్కల_మాస్టారు | మార్చి 4, రాత్రి 9:24

ఏప్రిల్ నెల ఒక్కటీ ఆదివారం మానుకోమనండి.

కొత్తసభ్యుడు_గుంటూరు | మార్చి 5, ఉదయం 7:05

నమస్తే అండి. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద కమ్యూనిటీ కాలేజీకి రావచ్చా? ఫీజు యూనిట్‌కి 46 అయితే చాలా తక్కువ కదా?

రెండోఏడు | మార్చి 5, ఉదయం 7:30

రావచ్చు అన్నా. కానీ 46 అనేది రెసిడెంట్లకి. ఎఫ్1 వాళ్ళకి నాన్ రెసిడెంట్ ఫీజు, అది చాలా రెట్లు ఎక్కువ. ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 యూనిట్లు తీసుకోవాలి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. పైన చెప్పినట్టు ఆఖరి నిమిషంలో ఆన్‌లైన్‌లో ఏదో పట్టుకుందామంటే నీకు కుదరకపోవచ్చు.

నిర్వాహకులు | మార్చి 5, ఉదయం 9:10

వీసా ప్రశ్నలకి విడిగా చర్చ మొదలుపెట్టండి, దయచేసి.

పైసావసూల్ | మార్చి 5, మధ్యాహ్నం 12:40

స్పీచ్ సంగతి ఒప్పుకుంటా. చుక్కలముగ్గు గారు రాసింది చదివాక ఒప్పుకోక తప్పలేదు. కానీ ఎత్నిక్ స్టడీస్? కాల్ స్టేట్‌లో 2020లో ఏబీ 1460తో చట్టం చేసి మరీ పెట్టారు. చరిత్ర కావాలంటే చరిత్ర చదివించండి. ఇది రాజకీయం.

రెండోఏడు | మార్చి 5, మధ్యాహ్నం 1:30

రాజకీయమే అంకుల్, దాచేదేముంది. 1968 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో పిల్లలు సమ్మె చేసి, 1969 మార్చి దాకా అయిదు నెలలు నడిపి సాధించుకున్న సబ్జెక్ట్ ఇది. మా సర్ మొదటి రోజే చెప్పారు.

నేనూ మొదట్లో మీలాగే గడి నింపడానికే తీసుకున్నా. ఏషియన్ అమెరికన్ స్టడీస్, సాయంత్రం క్లాసు, పార్కింగ్ సులువు అని. ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసు చెప్పారు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1923 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు భారతీయులు చట్టం చెప్పే "తెల్లవారు" కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ళవి కూడా రద్దు చేయడం మొదలుపెట్టారు.

నాకు 1923 అనగానే ఎక్కడో విన్నట్టనిపించింది. ఇంటికొచ్చి అమ్మని అడిగితే, "యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళిన ఏడాది కదురా" అంది. అమ్మది భీమవరం, ఆయన పుట్టింది అక్కడే. చూస్తే నిజమే, 1923 అక్టోబర్‌లో బోస్టన్‌లో దిగారు. కోర్టు తీర్పు వచ్చిన ఎనిమిది నెలలకి. ఫోలిక్ యాసిడ్ మీద అంత పనిచేసిన మనిషి, ఇరవై మూడేళ్ళపాటు ఈ దేశ పౌరసత్వానికి అర్హత లేని పరిస్థితి. 1946లో లూస్ సెల్లర్ చట్టంతో ఆ తలుపు తెరుచుకుంది, 1948లో ఆయన పోయారు, పౌరుడు కాకుండానే.

నా ఫైనల్ పేపర్ దీని మీదే. చిన్నప్పుడు తెలుగు బడిలో ఆయన గురించి "గొప్ప శాస్త్రవేత్త" అని ఒక పేరా చదివా. థింద్ కేసు పక్కన పెట్టి చదివితే ఆయన వేరే మనిషిలా కనబడ్డారు.

గోదారిగట్టు | మార్చి 5, మధ్యాహ్నం 2:10

బాబూ, ఆ పేపర్ పూర్తయ్యాక నాకు చదవడానికి పంపుతావా? నేను ముప్ఫై ఏళ్ళు ఆయన ఫొటో ఉన్న స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నాను. ఈ రెండు తేదీలు ఎప్పుడూ కలిపి చూడలేదు.

లెక్కల_మాస్టారు | మార్చి 5, రాత్రి 10:30

పైసావసూల్ గారి అసలు ప్రశ్నకి నా మాట. ఈ 34 యూనిట్ల వెనక ఉద్దేశం ఏమిటంటే, కాలేజీ కేటలాగ్‌లో అందంగా రాసి ఉంటుంది: స్పష్టంగా రాయడం, మాట్లాడటం, అంకెలతో ఆలోచించడం, ఆధారాలు తూచడం, సమాజాన్ని అర్థం చేసుకోవడం. గుర్తింపు ఇచ్చే సంస్థ వచ్చి వీటిని ఎలా కొలుస్తున్నారని అడుగుతుంది. అందుకని సెమిస్టర్ చివర మేము స్ప్రెడ్‌షీట్లు నింపుతాం. ఎంతమంది "సాధించారు", ఎంతమంది "పాక్షికంగా సాధించారు". నిజం చెప్పాలంటే ఆ స్ప్రెడ్‌షీట్‌లో నాకు నమ్మకం లేదు. అది నింపేటప్పుడు నేనూ మీ గైడు కొన్న కుర్రాడిలాంటివాణ్ణే, గోదారిగట్టు గారూ.

కానీ క్లాసులో జరిగేది వేరు. రెండేళ్ళ క్రితం నర్సింగ్‌కి వెళ్ళాలనుకునే ఒకావిడ నా స్టాటిస్టిక్స్‌లో ఉండేది. ఒక రోజు క్లాసయ్యాక కారు లోను కాగితం తెచ్చింది. 72 నెలలు, నెలసరి కంతు చూసి సంతకం పెట్టబోతోంది. ఇద్దరం కూర్చుని 72ని కంతుతో గుణించి, కారు ధర పక్కన రాశాం. ఆమె చాలాసేపు ఆ కాగితం వైపు చూసి, మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. కారు కొన్నదో లేదో నాకు తెలియదు. గుణకారం ఆమెకి ముందే వచ్చు. రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడాలన్నదే కొత్త.

ఇంకో సంగతి. ఇదివరకు చేరేటప్పుడు పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్షలో తప్పితే లెక్కల్లో రెండు మూడు సెమిస్టర్లు క్రెడిట్ లేని క్లాసుల్లోనే గడిచిపోయేవి. చాలామంది అక్కడే ఆగిపోయేవారు. 2017లో ఏబీ 705, 2022లో ఏబీ 1705 చట్టాలు వచ్చాక దాదాపు అందరూ నేరుగా యూనివర్సిటీ స్థాయి క్లాసులోకే వస్తున్నారు. దీని మీద మా డిపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ కొట్టుకుంటాం. పునాది లేకుండా కూర్చోబెట్టి ఫెయిల్ చేస్తున్నామని సగం మంది, పునాది పేరుతో గుమ్మం దగ్గరే ఆపేశామని సగం మంది. నేను రెండో జట్టు, కానీ కొన్ని సెమిస్టర్లలో మొదటి జట్టులోకి జారుతుంటాను.

పైసావసూల్ గారూ, మీ అబ్బాయి కంప్యూటర్స్ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ఇంజినీరింగ్, కంప్యూటర్స్ వాళ్ళకి జీఈ ముందు పూర్తిచేసి మేజర్ క్లాసులు వెనక్కి నెట్టడం తప్పు. కాల్‌క్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ వరసలు ఒకదాని తర్వాత ఒకటి తప్ప కుదరవు. ఒకటి జారితే ఏడాది జారుతుంది. ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అసిస్ట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. యూసీ గ్యారంటీ అడ్మిషన్ ఆరు క్యాంపస్‌లకే: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో అందులో లేవు. అక్కడ కూడా కంప్యూటర్స్ లాంటి మేజర్లకి మినహాయింపులు ఉంటాయి, ఏటా చూసుకోవాలి.

పైసావసూల్ | మార్చి 6, ఉదయం 7:50

ఇది పనికొచ్చే సమాచారం. మా వాడు ఈ సెమిస్టర్ ఫిజిక్స్ వదిలేసి సినిమా చరిత్ర తీసుకున్నాడు, జీపీఏ కోసమట. ఇవాళ ఇంట్లో మాట్లాడాలి. 72 నెలల లోను సంగతి మాత్రం మాట్లాడను. మాదీ 72 నెలలే.

చుక్కలముగ్గు | మార్చి 6, ఉదయం 9:15

😂 గ్రానైట్ కూడా పరీక్షించుకోండి అంకుల్.

నేరేడుచెట్టు | మార్చి 24, రాత్రి 10:40

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. పక్క కాలేజీ క్లాసులో చేరాడు. కాల్ స్టేట్ క్యాంపస్ వాళ్ళకి మార్పు తెలియజేశాడు, అందినట్టు జవాబు వచ్చింది. మా కాలేజీ కౌన్సిలర్ కూడా చూసి, స్పీచ్ సీ గ్రేడుతో పూర్తయితే ట్రాన్స్‌ఫర్ డిగ్రీకి ఇంకేమీ అడ్డం లేదన్నారు. గ్రాడ్యుయేషన్ పిటిషన్ గడువు ఇంకా ఉంది, ఆ రోజే పెట్టించారు. అది పెట్టకపోతే అన్నీ పూర్తయినా డిగ్రీ దానంతట అదే రాదని నాకు తెలియదు. ఇది కూడా ఎవరైనా చదువుతారని రాస్తున్నా.

ఫ్రిజ్ మీది పాత కాగితం తీసేశాను. పారేయలేదు, సొరుగులో పెట్టాను.

మొదటి ప్రసంగం ఆదివారం. ఏదైనా ఒక పని ఎలా చేయాలో చెప్పాలి, చుక్కలముగ్గు గారు చెప్పిందే. రెండేళ్ళు వాడు గోడౌన్‌లో పనిచేశాడు కదా, ట్రక్కులో పెట్టెలు ఎలా పేర్చాలో చెప్తానంటున్నాడు. బరువైనవి ఎక్కడ, ముందు దిగేవి ఎక్కడ అని. ఇవాళ సాయంత్రం భోజనాల బల్ల మీద అగ్గిపెట్టెలు, పప్పు డబ్బాలు పెట్టి చూపించాడు. వాళ్ళ నాన్నగారు పక్కన నిలబడి ఫోన్‌లో టైమ్ చూశారు. ఆ రెండేళ్ళ గురించి వాడు ఇంట్లో ఇంత మాట్లాడటం ఇదే మొదటిసారి.

ఏడు నిమిషాలైంది. ఐదుకి కుదించాలి. ఎదురుగా కూర్చోవడానికి ఐదుగురు పెద్దవాళ్ళు కావాలట. మేమిద్దరం, పక్కింటివాళ్ళిద్దరు ఉన్నాం. మా ట్రై వ్యాలీ వైపు ఎవరైనా ఆదివారం మూడింటికి ఖాళీగా ఉన్నారా? టీ, పకోడీ ఉంటాయి.

పైసావసూల్ | మార్చి 24, రాత్రి 10:52

నేను ప్లెజెంటన్‌లోనే ఉంటా. వస్తాను. అడ్రస్ విడిగా మెసేజ్ పెట్టండి.